తల్లి కంచం

మాణిక్యం ఏ గడప తొక్కినా మొదట అడిగేది పసిబిడ్డ సంగతి కాదు. "తిన్నావా తల్లీ?" అని బిడ్డ తల్లిని అడుగుతుంది. తిన్నానని తల ఊపితే సరిపోదు. ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు, కూర్చుని తిన్నావా, నిలబడి కతికావా అని ఆరా తీస్తుంది. ఆ తరువాతే ఉయ్యాల వైపు చూస్తుంది. నగరం అనే ఊరి దగ్గర, కాలవ గట్టును ఆనుకుని ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఆమె అంగన్‌వాడీ ఆయా. గది ఊడవడం, పిల్లలకు వండి పెట్టడం, రానివాళ్ళను ఇళ్ళకు వెళ్ళి చంకనేసుకు రావడం ఆమె ఉద్యోగం. తల్లులు తిన్నారో లేదో చూడమని ఆమెకు ఎవరూ అప్పగించలేదు.

"పిల్లకి జొరమని కబురెడితే వచ్చి, నా కూర రుచి చూసి పోయింది" అని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

గొప్పదని చెప్పుకోదగిన పని మాణిక్యం తన జీవితంలో ఏదీ చేయలేదు. వంటలో ఉప్పు ఒక పాలు ఎక్కువ వేస్తుంది. టీచరు విజయదుర్గ ఎన్నిసార్లు చెప్పినా ఆ చెయ్యి మారలేదు. తనకు తెలియనిది లోకంలో లేనట్టు మాట్లాడి, తరువాత నాలుక కరుచుకుంటుంది. మనుషులను తూచడానికి లోకం వాడే రాళ్ళన్నీ వేసి చూసినా ఆమె సగటుకు కాస్త అటో ఇటోగానే తూగుతుంది. ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఆమె సొంతం. అది తనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. అయితే తనకు తెలిసింది సగమేనని ఆమెకు తెలియదు. మిగతా సగం ఈమధ్యనే, ఒక వాన మధ్యాహ్నం, లోవరాజుగారి వంటింటి గుమ్మంలో తెలిసివచ్చింది.

లోవరాజుగారిది కొబ్బరి వ్యాపారం. వాకిలి నిండా కాయల రాశులు, ఒక మూల వలిచి పడేసిన డొక్కల గుట్ట, ఎప్పుడూ నలుగురైదుగురు పనివాళ్ళు. కొడుకు విజయకుమార్ మస్కట్‌లో డ్రైవరు. ఇంట్లో భార్య సత్యనారాయణమ్మ, కోడలు యామిని, ఎనిమిదో నెల నడుస్తున్న మనవరాలు లక్ష్మీదుర్గ. ఆరో నెలలో ఆ పిల్లకు అంతర్వేదిలో అన్నప్రాశన చేయించారు. తాతగారు ఉంగరంతో నాలుక మీద పెట్టిన పరమాన్నాన్ని ఆ పిల్ల చుట్టాలందరి ఎదుటా ఉమ్మేసింది. అప్పుడందరూ నవ్వారు. తరువాత పప్పన్నం పెట్టినా, అరటిపండు పెట్టినా, జావ పెట్టినా ఉమ్మేస్తూనే ఉంది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

ఆ నెల తూకం రోజున విజయదుర్గ పిల్లను ఊయల కాటాలో వేసి ముల్లు వైపు చూసింది. పోయినసారి ఎక్కడ ఆగిందో ముల్లు అక్కడే ఆగింది.

"పాలు మానకుండా ఇస్తూ ఉండమ్మా" అంది యామినితో. "రెండేళ్ళు వచ్చేదాకా ఇవ్వచ్చు. పాలతో పాటే మెత్తగా పిసికిన అన్నం, పప్పు, కాస్త నెయ్యి..."

"అవన్నీ అయ్యేయండీ" అని సత్యనారాయణమ్మ అందుకుంది. "మీరు చెప్పినట్టే చేసేం. పొట్ట నిండా పాలుంటే అన్నం ఎక్కడ పడతాదండీ? శుక్రవారం మంచిరోజు. వేపాకు నూరి కోడలికి రాసేస్తాను. చేదు తగిలితే అదే మానేస్తాది. రెండ్రోజులు ఏడుస్తాది. తరవాత ఆకలే అన్నం తినిపిస్తాది. మావోడికి అలాగే మాన్పించేను."

"అప్పటికి మీ అబ్బాయికి ఎన్నో నెలండీ?"

"నెలలెవరు చూసేరు? నడిచేవోడు."

"నడిచే పిల్లాడికీ, పాకే పిల్లకీ ఒకటే మందా అండీ? ఇంకా పాలే దీనికి ఆధారం. కావాలంటే డాక్టరుగారికి చూపిద్దాం. తొందరపడకండి."

"చూపిద్దారి. ఆవిడా తినిపించమనే చెప్తారు. తినిపించాల్సింది మనవే కదండీ."

సత్యనారాయణమ్మ మాటలో కాఠిన్యం లేదు. ఉన్నది భయం. భయపడ్డ మనిషికి ఏదో ఒకటి చేసెయ్యడమే ధైర్యంగా కనిపిస్తుంది. అందరూ పాలు మాన్పించే పద్ధతే ఆమె చెప్పింది. ఈ పిల్లకు అది మరీ ముందు అవుతుందని మాత్రం ఆమెకు తోచలేదు.

అత్తగారు చెప్పులు వేసుకునే సందులో యామిని మాణిక్యం చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యగారికి ఎదురు చెప్పలేను పిన్నీ. అన్నం తినదు. పాలూ తీసేస్తే దానికి ఇంకేం మిగుల్తాది? నా దగ్గరికొచ్చి చేదు తగిలి, నా మొహం వంక చూస్తే నేనేం చెప్పను?"

"శుక్రవారానికి ఇంకా టైముంది" అంది మాణిక్యం. "నేను తినిపించిన పిల్లల్లో మూతి తెరవనిది ఇంతవరకూ లేదులే."

ఆ మాట అన్నందుకు ఆమె మర్నాటి నుంచీ నాలుక కరుచుకుంటూనే ఉంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడితో జావ కాచి తెచ్చింది. పిల్ల పెదవులు బిగించింది. చక్కెరకేళీ పండు చిదిమి పెట్టింది. అది గడ్డం మీదుగా గౌను మీదికి జారింది. పప్పుకట్టులో అన్నం వెన్నలా మెదిపి, తన ఉప్పుచేతిని తలుచుకుని అసలు ఉప్పే వెయ్యకుండా తెచ్చింది. పిల్ల చెంచాను చూడగానే వెనక్కి విరుచుకుపడింది. కాకిని చూపించింది, పాట పాడింది. యామిని సెల్‌ఫోనులో బొమ్మల పాట పెట్టింది. పిల్ల పాట చూసింది తప్ప నోరు తెరవలేదు.

"నీ పాట విని ఉన్న ఆకలి కూడా పోయుంటాది మాణిక్యం" అన్నాడు లోవరాజు కాయలు ఏరుతూ.

"అయితే రేపట్నుంచి మీరే పాడండి అన్నయ్యగారూ."

"నేను పాడితే డొక్కలు కూడా లేచి పారిపోతాయి."

పనివాళ్ళు నవ్వారు. యామిని నవ్వలేదు. పిల్లను తీసుకుని లోపలికి వెళ్ళి, పాలిచ్చే ఆ కాసేపూ దాని అరికాలు తన అరచేతిలో పట్టుకుని కూర్చుంది. పోగొట్టుకోబోతున్న వస్తువును మనిషి పట్టుకునే తీరు అది. మాణిక్యం గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగింది.

గురువారం మధ్యాహ్నం ఆమె మళ్ళీ వచ్చేసరికి నడవలో ఒక చేట నిండా వేపాకు కోసి ఉంది. దాని పక్కనే రోలు కడిగి బోర్లించి ఉంది. ఆమె లోపల అడుగుపెట్టిందో లేదో వాన అందుకుంది. వానకు పని ఆగిపోవడంతో లోవరాజూ పనివాళ్ళూ అరుగు మీద భోజనాలకు కూర్చున్నారు. యామిని వడ్డించింది. వాళ్ళు లేచాక సత్యనారాయణమ్మ వంటింట్లో గోడ వైపు తిరిగి గబగబా తిని చెయ్యి కడుక్కుంది. తిన్న వెంటనే మనవరాలిని చంకనేసుకుని, తలమీద కొంగు కప్పి, వాకిట్లోని రేకుల పాక కిందికి నడిచింది.

"వానలో ఎక్కడికండీ వదినగారూ?"

"కోడలు తినాలి కదా" అంది ఆమె వెనక్కి చూడకుండా. "తల్లి తింటుంటే పిల్ల ఎదర ఉండకూడదు. దాని చూపు కంచమ్మీద పడితే దిష్టి, కడుపునొప్పి. పుట్టినకాణ్ణించీ ఒక్కనాడు చూడనివ్వలేదు. కోడల్నీ నాలుగు మెతుకులు నెమ్మదిగా తిననీ."

అందులో ఎవరికీ తప్పు కనిపించదు. చాలా ఇళ్ళలో అత్తలు ఆమాత్రం కూడా చేయరు. మాణిక్యం వంటింటి గుమ్మంలో ఆగి, అలవాటు కొద్దీ యామిని ఏం తింటోందో చూసింది. యామిని గట్టు పక్కన నిలబడి, కంచం చేత్తో పట్టుకుని తింటోంది. ఆ కంచంలో ముద్దపప్పు, పనసపొట్టు కూర ఉన్నాయి. ఒక్కతే ఉంది. వాన చప్పుడులో ఆ ఇంటివాళ్ళెవరూ ఆమె తినడం చూడటం లేదు.

అప్పుడు మాణిక్యానికి సువార్తమ్మ గుర్తుకు వచ్చింది. గుర్తుకు రావడం కొత్త కాదు. ఏ ఇంట్లో "తిన్నావా తల్లీ" అని అడిగినా ఆమె గొంతు వెనక సువార్తమ్మ గొంతు ఉంటూనే ఉంటుంది. తొంభై ఆరు తుఫానుకు మాణిక్యం ఇల్లు కూలిపోయింది. చంకలో కూతురు సుందరి, ఇంచుమించు లక్ష్మీదుర్గ వయసుది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా బడిలో తలదాచుకున్నారు. భయానికో, పస్తులకో మాణిక్యానికి పాలు తగ్గిపోయాయి. పంచిపెట్టిన బిస్కెట్లు నీళ్ళలో నానబెట్టి పెడితే సుందరి ఉమ్మేసింది. మాణిక్యం తన వంతు అన్నం కూడా పిల్ల నోట్లో కుక్కబోయింది. అప్పుడు పక్కనున్న ఒక ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. పేరు సువార్తమ్మ అని తప్ప ఏ ఊరావిడో తెలియదు. మామూలు రోజుల్లో అయితే ఆ ఇద్దరూ ఒక చాప మీద కూర్చునేవారు కారు. ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు ముట్టేవారు కారు. "ముందు నువ్వు తినవే పిల్లా" అందా మనిషి. తన కంచాన్ని ఇద్దరి మధ్యకూ జరిపి, మాణిక్యం తినేదాకా తానూ ముద్ద ముద్దకూ ఆగుతూ తింది. వరద తీశాక ఎవరి దారి వాళ్ళదైంది. అంతర్వేది తీర్థానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ జనంలో సువార్తమ్మ మొహం కోసం మాణిక్యం వెతికేది. ఎక్కడా కనిపించలేదు. తీర్చుకునే చోటు లేని రుణం గనుక దాన్ని ఇంటింటికీ కొంచెం కొంచెంగా తీర్చుకుంటూ వచ్చింది.

ఇన్నేళ్ళూ ఆమె జ్ఞాపకం అక్కడితో ఆగేది. ఆకలితో ఉన్న తనకు ఒకరు అన్నం పెట్టారు. అదే ఆమెకు తెలిసిన సగం. కృతజ్ఞతకు కూడా ఒక స్వార్థం ఉంటుంది కాబోలు, తనకు అందినదాన్నే గుర్తు పెట్టుకుంటుంది. ఇప్పుడు ఒంటరిగా తింటున్న యామినిని చూస్తుంటే ఆ జ్ఞాపకంలో ఎప్పుడూ చూడని మూల ఒకటి కనిపించింది. ఆ ఇద్దరు ఆడవాళ్ళ మధ్య, ఆ కంచం అంచున, సుందరి ఉంది. మాణిక్యం మోకాలు పట్టుకుని లేచి, నోటి వంక చూసి, కంచం వంక చూసి, చెయ్యి చాపింది. ఆ పూట నుంచే తినడం మొదలుపెట్టింది. ఆకలికి తట్టుకోలేక తిందనే అప్పుడు మాణిక్యం అనుకుంది.

కానీ ఆకలి అంతకుముందు కూడా ఉంది. లేనిది, తింటున్న తల్లి.

లక్ష్మీదుర్గ ఈ లోకంలోకి వచ్చాక తన తల్లి తినగా ఒక్కసారి కూడా చూడలేదు. దాని లెక్కలో అన్నం అంటే అందరూ చుట్టూ మూగి తన నోట్లోకి తోసే వస్తువు. దాన్ని తల్లి తినగా చూడని ప్రాణికి అది తినేదని ఎలా తెలుస్తుంది?

మాణిక్యం ఆ మాట చెప్పబోయి ఆగింది. ఈ వారమంతా తాను చెప్పిన మాటలు ఏమయ్యాయో ఆమెకు గుర్తుంది. అందుకని గుమ్మంలోంచి పాక వైపు తిరిగి కేకేసింది.

"వదినగారూ, ఆకలేస్తందండీ. కాస్త అన్నం పెడతారా?"

అరుగు మీద చుట్ట కాలుస్తున్న లోవరాజు తలెత్తి చూశాడు. ఉద్యోగం మీద వెళ్ళిన ఏ ఇంట్లోనూ మాణిక్యం మంచినీళ్ళు తప్ప ముట్టదని ఊరందరికీ తెలుసు.

"మాణిక్యం అన్నం అడిగిందంటే ఈ వాన ఇప్పట్లో వెలవదు" అన్నాడు.

సత్యనారాయణమ్మ పిల్లతో సహా పరుగున వచ్చింది. అన్నం అడిగిన మనిషిని నిలబెట్టే వంశం కాదు ఆమెది. పీట వేసింది, కంచం పెట్టింది.

"ఒక్కదాన్నే తినలేనండీ. మీరూ కూర్చోండి."

"నేనిప్పుడే తిన్నాను కదే."

"గోడకి మొహం పెట్టి తిన్నది లెక్కలోకి రాదండీ. రెండు మెతుకులేసుకుని కూర్చోండి. యామినీ, నువ్వూ ఆ కంచం కింద పెట్టి ఇలా రా."

"పిల్లనెవరు పట్టుకుంటారు?" అంది సత్యనారాయణమ్మ.

"దాన్ని కింద దింపండి. ఎక్కడికీ పోదు."

అతిథి మాట కాదనలేక సత్యనారాయణమ్మ చతికిలబడింది. ముగ్గురు ఆడవాళ్ళు ఆ వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని తినడం బహుశా అదే మొదటిసారి. కింద దింపిన పిల్ల ముందు గుమ్మం అవతల ఉన్న చేట వైపు పాకింది. వేపాకు ఒకటి పీకి, విసుగు పుట్టి వదిలేసి, వెనక్కి తిరిగింది. తల్లి నోరు కదులుతోంది. పిల్ల ఆగిపోయింది. తల్లి చెయ్యి కిందికి వెళ్ళింది, పైకి వచ్చింది, నోరు తెరుచుకుంది, మూసుకుంది. పిల్ల కనుబొమలు ముడిపడ్డాయి. ఇంతకాలం తన దగ్గర దాచిన రహస్యమేదో కనిపెట్టినట్టు అది మాణిక్యం మోకాలి మీదుగా ఎక్కి దిగి తల్లి కంచం వైపు వచ్చింది.

"దిష్టే, దిష్టి" అంటూ సత్యనారాయణమ్మ లేవబోయింది.

మాణిక్యం ఆమె మోచెయ్యి పట్టి ఆపింది. "పెట్టకుండా తింటే దిష్టండీ. పెడితే దిష్టేంటి? అటు చూడకండి. మీరు తినండి."

సత్యనారాయణమ్మ తల దించుకుంది. లేని ఆకలి తెచ్చుకుని అన్నం కలపసాగింది. యామిని ముద్ద నోట్లో పెట్టుకుంది. ముగ్గురూ కంచాలలోకే చూస్తూ, పక్కన ఏమీ జరగనట్టు, పనసపొట్టులో ఆవపిండి ఘాటు సరిపోయిందా లేదా అని ఎవరికీ పట్టని చర్చ ఒకటి మొదలుపెట్టారు.

"ఉప్పు తగ్గింది" అంది మాణిక్యం.

"నీకు సముద్రం కూడా చప్పగానే ఉంటాది" అంది సత్యనారాయణమ్మ, కనుకొసల నుంచి చూడకుండా ఉండలేక.

పిల్ల అరచెయ్యి పప్పన్నంలో పడింది. వేళ్ళు ముడుచుకున్నాయి. సందుల్లోంచి పప్పు జారింది. ఆ పిడికిలిని అది కాసేపు చూసుకుని, తల్లి నోటి వైపు చూసి, నోట్లో పెట్టుకుంది. మొహం చిట్లించింది. పిల్ల ఉమ్మలేదు. చప్పరించి, మళ్ళీ చెయ్యి చాపింది. నాలుగు మెతుకులు లోపలికి, నలభై నేల మీదికి, కొన్ని జుట్టులోకి వెళ్ళాయి. తరువాత చాలు అనిపించి, పప్పు మూతితోనే తల్లి ఒళ్ళోకి ఎక్కి కొంగు లాగింది.

యామిని అత్తగారి వంక చూసింది. ఆ చూపులో అడగడం ఉంది. ఇన్నాళ్ళూ మాటల్లో పెట్టలేకపోయినది ఆ ఒక్క చూపులో పెట్టింది. సత్యనారాయణమ్మ లేచి చెయ్యి కడుక్కుని, ఉట్టి మీది నెయ్యి గిన్నె దింపి, కోడలి కంచంలో ఒక గరిటె వేసింది.

"ఎడం చేత్తో దాన్ని పట్టుకో. కుడిచేత్తో నువ్వు తిను" అంది. "చల్లారిపోతాది."

పాలు తాగుతున్న పిల్లా, దాన్ని పొదువుకుని తింటున్న తల్లీ. సత్యనారాయణమ్మ వాళ్ళనే చూస్తూ కూర్చుంది. చివరికి తన చేతివేళ్ళను చూసుకుంటూ అంది.

"నేను తినేటప్పుడు మావోణ్ణి మా అత్తగారూ అలాగే ఎత్తుకుపోయేది. మంచికే అనుకునేదాన్ని. నేనేం తింటానో, ఎప్పుడు తింటానో ఆడికి ఇవాళ్టికీ తెలీదు. ఫోనులో ఆళ్ళ నాన్ననే అడుగుతాడు, తిన్నావా అని."

యామిని లేవకుండానే కంచంలో చెయ్యి కడుక్కుని, గరిటె అందుకుని మాణిక్యానికి మారు వడ్డించింది. వద్దంటున్నా వినకుండా ఇంకొంచెం వేసింది. థాంక్స్ లాంటి మాటేదీ ఆమె నోటి నుంచి రాలేదు. మాణిక్యం ఆ ముద్దను మాత్రం మాట విన్నంత శ్రద్ధగా తింది.

"ఇంతకీ నీకీ ఉపాయం ఎవరు చెప్పేరే?" అని సత్యనారాయణమ్మ అడిగింది.

"సువార్తమ్మగారని ఒకావిడండీ."

"ఎవరావిడ? ఏ ఊరు?"

"తెలీదండీ. ఒకసారి అన్నం పెట్టింది."

మర్నాడు పిల్ల ఇట్టే మారిపోయిందని చెప్పడం అబద్ధం అవుతుంది. శుక్రవారం ఉదయం పెట్టింది పెట్టినట్టే ఉమ్మేసింది. మధ్యాహ్నం అత్తాకోడళ్ళు కలిసి కూర్చుంటే మళ్ళీ కంచంలో చెయ్యి పెట్టింది. కొన్ని పూటలు తింది, కొన్ని పూటలు ఆడింది. పాలు ఎప్పటిలాగే తాగింది. తరువాతి తూకం రోజున కాటా ముల్లు కాస్త ముందుకు జరిగింది. విజయదుర్గ దాన్ని చూసి యామిని భుజం తట్టింది.

"మా మనవరాలి బరువు చూసేరు గదా" అంది సత్యనారాయణమ్మ ఆవిడతో. "మీ ఆయాది కూడా చూడండి. వారానికి రెండుసార్లు మా ఇంట్లో తినిపోతోంది."

"మీరు పిలుస్తున్నారు కాబట్టి వస్తన్నానండీ."

"పిలవకపోతే మానేస్తావేంటి?"

"ఆయ్, మాననండీ" అంది మాణిక్యం.

అయితే ఆ గురువారం సంగతి ఇంకొంచెం మిగిలే ఉంది. వాన వెలిశాక మాణిక్యం కంచం కడిగి బోర్లించి గడప దిగబోతుంటే, సత్యనారాయణమ్మ వేపాకు చేట పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. దాన్ని ఏం చెయ్యాలో తోచనట్టు కాసేపు నిలబడింది. తరువాత తడవని గోనెసంచి ఒకటి పరిచి, ఆకును దాని మీద పలచగా ఆరబోసింది.

"ఎండబెట్టి బియ్యం డబ్బాలో వేస్తాను" అంది, ఎవరూ అడక్కుండానే. "పురుగు పట్టకుండా ఉంటాది."